మొదటి మాటకు అర్థం

నాచారం,
2 జులై 2025

చెల్లె సూర్యకళకు,

ఎప్పుడూ "ఇక్కడ అంతా బాగున్నాం" అని మొదలుపెడతాను. ఈసారి ఆ ముక్క రాయడానికి చెయ్యి రాలేదు. కంగారు పడకు. స్టౌ మీద ఏమైనా ఉంటే ఆపేసి వచ్చి కూర్చో.

పోయిన శనివారం పొద్దున పేపరు చదువుతున్నాను. ఎడమ కంటికి పైనుంచి షట్టరు దించినట్టు నల్లగా అయిపోయింది. కుడి చేతిలో టీ గ్లాసు ఉండాలి, లేదు. చూస్తే కింద పడి ఉంది. అది ఎప్పుడు జారిందో నాకు తెలియనే లేదు. కోడలు సిరి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "మామయ్యా, గట్ల జూస్తున్నరేంది? ఏమైంది?" అంది. ఏమీ కాలేదమ్మా అందామంటే నాలుక తిరగలేదు. కాసేపటికి కన్ను వచ్చింది, చెయ్యి వచ్చింది, మాటా వచ్చింది. నేను మళ్ళీ పేపరు తీసుకున్నాను గానీ నీ మేనల్లుడు నరేన్ ఊరుకుంటాడా? స్కూటరు మీద కాదని కారు పిలిచి దవాఖానాకు తీసుకుపోయాడు.

మెడకు స్కానింగ్ చేశారు. మెడకెందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత డాక్టరమ్మ పద్మశ్రీ గారు కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. నా సంగతి నీకు తెలుసు కదా. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు జనరల్ మేనేజర్ల ముందు కూర్చున్న స్టెనోని. టేబులుకు అవతల ఎవరు గట్టిగా మాట్లాడినా చెయ్యి పెన్ను వెతుక్కుంటుంది. చెవి మిషన్ సరిచేసుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించేశాను. ఆవిడ ఆగి "అంకుల్, ఏం జేస్తున్నరు?" అంది. "మీరు చెప్పండి మేడమ్, నేను తీసుకుంటున్నా" అన్నాను. నరేన్ తల పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి మామూలు అక్షరాల్లో సాపు రాసి చూస్తే ఇదీ: "ఎడమవైపు కెరోటిడ్ స్టెనోసిస్. ఎనభై శాతం. ఆపరేషన్ చేయించుకోవడం మంచిది. రెండు వారాల్లోపు అయితే ఇంకా మంచిది. మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు."

ఒక్క మాట పోలేదు. కానీ అర్థం ఏమిటని నరేన్ అడిగితే తెల్లమొహం వేశాను. స్టెనోకి చెవిలో పడ్డది నేరుగా చేతికి పోతుంది చెల్లె, మధ్యలో బుర్ర దగ్గర ఆగదు. ఆగితే వెనకబడిపోతాం. ఎదురు ప్రశ్న వేయడం అసలే లేదు. అడిగితే ఏ జీఎం ఊరుకున్నాడు గనక?

నరేన్ ఈ వారమే చేయిద్దామంటున్నాడు. నేను మాత్రం నీకు రాసి, నీ జవాబు చూశాకే అన్నాను. అమ్మ పోయినప్పటి నుంచి నీతో అనకుండా నేనేం చేశాను? నువ్వేమంటావో రాయి.

నీ అన్న,
పాండురంగం

---

ఉప్పల్,
7 జులై 2025

అన్నా,

నీ ఉత్తరం నిలబడే రెండుసార్లు చదివాను. కన్ను పోయి, చెయ్యి పోయి, మాట పోయి, ఇంత జరిగితే మొదటి పేజీ అంతా నీ షార్ట్‌హ్యాండ్ గొప్పలే రాశావు! నువ్వు మనిషివేనా? నా ఎదురుగా ఉంటే ఆ పుస్తకం లాక్కుని చించి పారేసేదాన్ని.

ఎదురుగా ఉండటానికి ఎంత దూరమని? బస్సెక్కితే ఇక్కడ ఊపిరి పీల్చి అక్కడ వదిలేంత. ఫోన్ చేద్దామంటే నీకు గరగర తప్ప ఏమీ వినపడదు. ఇక రావడమంటావా, మీ బావ సంగతి నీకు తెలియంది కాదు. నరేన్ పెళ్ళికి నువ్వు బొట్టు పెట్టి పిలవకుండా కార్డు పోస్టులో పంపావు. మూడేళ్ళయింది, ఇప్పటికీ ఆయన నోట అదే. "నేను ఆఫీసు గుమస్తానా, కార్డు తీస్కొని సంతకం బెట్టనీకి? అల్లుణ్ణి కదా నేను! గడప దొక్కి పిలిస్తే నెత్తిన బెట్టుకొని పోతుంటి." ఆయన రాడు, నన్ను పోనివ్వడు, నువ్వు దిగిరావు. మధ్యలో నేను పోస్టు డబ్బా చుట్టూ తిరుగుతున్నాను.

నీ ఉత్తరం ఆయన ముందే పెట్టాను. చదవలేదు. కానీ అన్నం తింటూ "ఏమైందట మీ అన్నకు?" అన్నాడు. చెప్పాను. కలుపుతున్న చెయ్యి ఆగింది. తర్వాత పెరుగు వేసుకుని లేచిపోయాడు.

ముందు ఆ రెండు మాటలకు అర్థం తెలుసుకుని నాకు రాయి. మెడలో ఏముంటుంది కంటికీ చేతికీ సంబంధం ఉండటానికి? ఎనభై శాతం అంటే ఎనభై పోయిందా, ఎనభై ఉందా? అడగవా నువ్వు? అంత పెద్ద చదువు చదివిన మనిషి ఎదురుగా కూర్చుంటే ఒక్క మాట అడగకుండా లేచి వచ్చావా?

ఇంకోటి. ఆషాఢంలో కత్తి పెట్టించుకోవడమేమిటి? ఇప్పుడు నువ్వు బాగానే ఉన్నావంటున్నావు కదా, మాత్రలు వేసుకుంటున్నావు. అమావాస్య పోనీ. శ్రావణం ఇరవై అయిదున, శుక్రవారంతో మొదలవుతోంది. ఆ తర్వాత చేరు. అమ్మ ఉన్నా ఇదే చెప్పేది. నరేన్‌కి నా మాటగా చెప్పు.

కారం తగ్గించు. ఫికర్ పెట్టుకోకు. నాకు మాత్రం నిద్ర లేదు.

నీ చెల్లెలు,
సూర్యకళ

---

నాచారం,
11 జులై 2025

కళా,

నీ తిట్లు అందాయి. ఆరోగ్యంగా ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టే ఆపరేషన్ శ్రావణానికి వాయిదా వేయించాను. సోమవారం, ఇరవై ఎనిమిదిన చేర్చుకుంటారు. నరేన్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "డాక్టర్ రెండు వారాలన్నది నాన్నా, అత్తమ్మ డాక్టరా?" అన్నాడు. అత్తమ్మ నీకంటే ముందు నుంచీ నాకు డాక్టరేరా అన్నాను.

ఇక అర్థం. నేను రిటైరైన రోజు ఫ్యాక్టరీలో శాలువాతో పాటు రెండు భాగాల ఇంగ్లీషు డిక్షనరీ ఇచ్చారు, గుర్తుందా? మీ వదిన "ఇది తలకింద పెట్టుకోనీకా?" అని నవ్వింది. మొదటి భాగం మేడిపల్లిలో ఉండే మా స్నేహితుడు అచ్యుతరావు తన మనవడి కోసమని పట్టుకుపోయి ఇప్పటికీ తేలేదు. అందుకని 'కెరోటిడ్' సంగతి తెలియలేదు. రెండో భాగం ఇంట్లోనే ఉంది. 'స్టెనోసిస్' దొరికింది.

చూసి ఒక్కణ్ణే నవ్వుకున్నాను చెల్లె. గ్రీకు భాషలో 'స్టెనోస్' అంటే ఇరుకు. చివర 'ఓసిస్' అంటే అలాంటి స్థితి, జబ్బు. ఇరుకైపోవడం, అంతే. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద పేరు. దానికి పైనే 'స్టెనోగ్రఫీ' ఉంది. ఇరుకు రాత! మాట ఎంత పొడుగున్నా ఇంత చోటులో ఇరికించి రాసే రాత. ముప్పై ఏళ్ళు అందరూ నన్ను "స్టెనో, స్టెనో" అని పిలిచారు. మా జీఎం కొడుకైతే అది నా పేరే అనుకున్నాడు. ఆ పేరే ఇప్పుడు వచ్చి మెడలో కూర్చుంది. రిటైరైనా వదల్లేదు చూడు.

మొన్న మళ్ళీ పోయినప్పుడు నీ ప్రశ్నలు కాగితం మీద రాసుకుపోయి డాక్టరమ్మ చేతికిచ్చాను. ఆవిడ నవ్వి బొమ్మ గీసింది. మెడలో అటొకటి ఇటొకటి పెద్ద రక్తనాళాలు తలకు పోతాయట. నా ఎడమ దాంట్లో గోడకు అంటుకుని కొవ్వు పేరుకుంది. జావ గిన్నె అడుగున గట్టిపడ్డట్టు. ఎనభై మూసుకుపోయింది, ఇరవై తెరిచి ఉంది. అక్కడి నుంచి ఒక చిన్న ముక్క ఊడి పైకి పోతేనే నా కన్నూ చెయ్యీ అట్లా అయ్యాయట. అంతా రాసుకున్నాను.

ఇప్పుడు నీకు ఒక మాట చెప్పాలి. పెళ్ళి పిలుపు గురించి నువ్వు ప్రతి ఉత్తరంలో ఎత్తుతావు, నేను ప్రతిసారీ దాటేస్తాను. మీ వదిన పోయి అప్పటికి ఏడాది కాలేదు. బొట్టు పెట్టడానికి ఆడమనిషి లేని ఇంటి నుంచి నేను కుంకుమ భరిణె పట్టుకుని మీ గడప ఎట్లా ఎక్కను? నీ నుదుటికి బొట్టు పెట్టే చెయ్యి తనది. మీ బస్‌స్టాపు దాకా వచ్చాను. నిజంగా వచ్చాను. భరిణె జేబులో పెట్టుకుని అక్కడే నిలబడి, వచ్చిన బస్సే ఎక్కి తిరిగి పోయాను. ఏడుపు వస్తే బావ ముందు ఏడవాలా? మరుసటి రోజు కార్డు పోస్టు చేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఆపరేషన్ రోజు నువ్వు ఉంటే బాగుంటుంది. నాకు భయంగా ఉంది. నరేన్ ముందు నవ్వుతున్నాను గానీ చాలా భయంగా ఉంది కళా.

నీ అన్న,
పాండురంగం

---

ఉప్పల్,
16 జులై 2025

అన్నా,

చెప్పకు అన్నావు, నేను చెప్పేశాను. తిట్టుకో. బోనాల కోసం ఇల్లు కడుగుతూ ఏడుస్తుంటే మీ బావ చూసి "ఏంది గిట్ల?" అన్నాడు. ఇక ఆగలేదు. బస్‌స్టాపు సంగతి, భరిణె సంగతి అన్నీ చెప్పాను. నా చేతిలోని చీపురు తీసుకుని గోడకు ఆనించాడు. ఆఖరికి "గా ముక్క అప్పుడే చెప్తే నేనే పోయి తీస్కొస్తుంటి గదనే" అన్నాడు. తర్వాత మళ్ళీ బిగుసుకున్నాడు. "అయినా ఇప్పటికైనా ఒక్కసారి వచ్చి, బావా రా అంటే ఏం పోయింది?" అన్నాడు. అంటే అర్థమైంది కదా? ఒక్క పిలుపు. మంచం మీద పడి పిలిస్తే కాదు, నీ కాళ్ళ మీద నువ్వు వచ్చి పిలువు. ఇద్దరం నీ పక్కనే ఉంటాం. ఆయన దవాఖానాలో నిలబడితే నరేన్‌కి కూడా ధైర్యం.

నీ జబ్బు సంగతి ఇప్పుడు నాకు బాగా అర్థమైంది. నాకు ముందే అనుమానం ఉంది. ఇరుకు రాత, ఇరుకు జబ్బు అని నువ్వే రాశావు కదా. ముప్పై ఏళ్ళు ఆ మెడ అట్లా ఎడమకు వంచి, పుస్తకం మీదికి దించి రాస్తే పైపు నొక్కుకుపోదా? షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్‌లో మనిద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్ళం, అప్పుడే సారు నిన్ను కర్రతో పొడిచి "మెడ లేపు, మెడ లేపు" అనేవాడు. నన్ను ఎప్పుడైనా అన్నాడా? నేనే ముందు స్పీడ్ పరీక్ష పాసయ్యేదాన్ని, పెళ్ళి చేసి పంపేశారు గానీ.

అందుకని నువ్వు ఒక పని చెయ్యి. నీ ఇంటి కింద కటింగ్ షాపు దుర్గేష్ ఉన్నాడు కదా. మీ బావ నెలకోసారి ఇక్కడ తల మాలిష్ చేయించుకుని, మెడ అటొకసారి ఇటొకసారి టక్కుమని విరిపించుకుని వస్తాడు. "తల్కాయ మస్తు తేలికైందే" అంటాడు. ఆయనకు బీపీ లేదు, ఏమీ లేదు. నువ్వేమో పుట్టినప్పటి నుంచీ మెడ మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వవు, చక్కిలిగింతలు. అదే కారణం. దుర్గేష్‌తో మంచి నూనె పెట్టించి గట్టిగా నొక్కించు, విరిపించు. పేరుకున్నది కదలాలా వద్దా? సింకు పైపు అడ్డం పడితే మీ బావ అట్లాగే నొక్కి వదిలిస్తాడు. ఎవరికి తెలుసు, ఇరవై ఎనిమిది లోపల తగ్గిపోతే ఆపరేషన్ తప్పుతుంది. నీకు భయం కూడా తప్పుతుంది.

నా మీద ఒట్టు, చేయించుకో. వద్దనకు.

ఆదివారం అమ్మవారికి నీ పేరు చెప్పుకుంటాను.

నీ చెల్లెలు,
సూర్యకళ

---

నాచారం,
21 జులై 2025, సోమవారం పొద్దున

కళా,

ఇవాళ నేను మీ ఇంటికి వస్తున్నాను. ఈ ఉత్తరం నీకు చేరే లోపల నేనే చేరతాను, అయినా రాస్తున్నాను. ఉత్తరం రాయకుండా నీతో మాట్లాడటం మరిచిపోయానేమో.

మీ వదిన భరిణె తోమించాను. సిరి కొత్త కుంకుమ నింపింది. "నేను గూడ వస్త మామయ్యా" అంది, వద్దన్నాను. ఈ పిలుపు నేనే పిలవాలి. పెళ్ళికి పిలవనివాడు ఆపరేషన్‌కి బొట్టు పెట్టి పిలుస్తున్నాడని మీ వీధిలో నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆషాఢంలో పిలుపేమిటని బావ అంటే మాత్రం మిఠాయి ప్యాకెట్టు ముందుకు తోస్తాను. ఆయనకు ఇష్టమని బాలామృతం కొన్నాను. ఇన్నేళ్ళలో ఇష్టం మారిపోలేదు కదా?

మూడేళ్ళ తర్వాత గడప ఎక్కుతున్నాను, గడ్డం మాసి ఉంటే బాగుండదు. రేపు మంగళవారం షాపులు మూసి ఉంటాయి. అందుకని ఇవాళే దుర్గేష్ దగ్గరికి పోయి, అటు నుంచి అటే బస్సెక్కుతాను. నువ్వు ఒట్టు పెట్టావు కాబట్టి మెడ కూడా చూపిస్తాను. చక్కిలిగింతలు పెడితే అరుస్తానని ముందే చెబుతాను. డాక్టరమ్మను అడగాలా అనుకున్నాను గానీ, ఇంత చిన్నదానికి ఏం అడుగుతాం?

ఇంకో సంగతి. నిన్న అచ్యుతరావు డిక్షనరీ మొదటి భాగం తెచ్చి ఇచ్చాడు. మనవడు ముట్టుకోనే లేదట. నీకు బాకీ ఉన్న మొదటి మాట చూశాను. కెరోటిడ్: ఇదీ గ్రీకే. 'కరోస్' అంటే గాఢమైన మగత, స్పృహ లేకపోవడం. మెడలో ఈ నాళాన్ని గట్టిగా నొక్కితే మనిషి మగతలోకి పోతాడని ఆ కాలం వాళ్ళు గమనించారట. అందుకే దానికి ఆ పేరు పెట్టారు. ఎంత ముచ్చటగా ఉందో చూడు. స్కానింగ్‌లు లేని రోజుల్లో ఎట్లా కనిపెట్టారో! నీకు సాపుగా రాసి ఇస్తున్నాను, దాచుకో.

ఇక లేస్తాను. కింద దుర్గేష్ షట్టరు తీసిన చప్పుడు అయిందని సిరి చెప్పింది.

సాయంత్రం నీ చేతి టీ తాగుతూ ఈ ఉత్తరం ఇంకా రాలేదని ఇద్దరం నవ్వుకుందాం.

నీ అన్న,
పాండురంగం

---

ఉప్పల్,
2 ఆగస్టు 2025

అన్నా,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. నువ్వు సోమవారమే పడిపోయావు.

నువ్వు చదవలేవని డాక్టరమ్మ చెప్పింది. కళ్ళు కనపడతాయి కానీ అక్షరాలు మాటలు కావట. అయినా నాకు ఇంకో దారి తెలియదు. నేను నీతో ఇట్లాగే మాట్లాడాను.

నరేన్ ఫోన్ చేసినప్పుడు మీ బావే ఎత్తాడు. "ఎప్పుడు? ఏ దవాఖానా?" అని మాత్రం అడిగి, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా ఆటో పిలిచాడు. ఉప్పల్ దగ్గర ఫ్లైఓవర్ పిల్లర్ల పనితో రోడ్డు ఎంత ఇరుకుగా ఉందో నీకు తెలుసు కదా. ఆటో కదలదు. మీ బావ దిగి ముందుకు పోయి, "జర జరుగుండ్రి, నా బామ్మర్దికి పానం మీదికొచ్చింది" అని బండ్లవాళ్ళందరికీ దండం పెట్టాడు. ఎవరికీ తలవంచని మనిషి అన్నా.

మేం వచ్చేసరికి నీ కుడి సగంలో చలనం లేదు. నన్ను చూశావు. నేనని తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

నర్సు ఒక ప్లాస్టిక్ కవర్ ఇచ్చింది. చెవి మిషన్, కళ్ళజోడు, చిన్న పుస్తకం, భరిణె. బాలామృతం ప్యాకెట్టు నలిగిపోయింది. మీ బావ భరిణె చేతిలోకి తీసుకుని "ఇదెందుకు?" అన్నాడు. సిరి చెప్పింది. "మిమ్ముల పిలవనీకే బయలెల్లిండు మామయ్య." ఆయన గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. "నన్ను పిలవనీకి వస్తుండెనా? నేనేమన్న పెద్ద రాజునా పిలిపించుకోనీకి" అని అందరి ముందూ తల బాదుకున్నాడు.

మెడ విరిపించుకున్న కుర్చీలోనే నువ్వు ఒరిగిపోయావని తెలిసి నరేన్ అప్పటికే దుర్గేష్ షాపు అద్దాలు పగలగొట్టి వచ్చాడు. దుర్గేష్ మోరీ కాలువ పక్కన కూర్చుని "పెద్దాయనే అడిగిండు సార్, నేను వద్దన్న, మా చెల్లె ఒట్టు బెట్టింది అన్నడు" అని ఏడ్చాడట. ఎవరూ నమ్మలేదు. మెడ మీద చెయ్యి వేయనివ్వని మనిషి అడుగుతాడా అన్నారు. పోలీసులకు చెబుదామని నరేన్ స్నేహితులు లేచారు.

నేను డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నువ్వు అడగవలసిన ప్రశ్న, ఆ మెడ నొక్కి విరిపిస్తే ఏమవుతుందని, నేను అడిగాను. "దానివల్లే అని నేను చెప్పలేనమ్మా, దానంతట అది కూడా రావచ్చు. కానీ ఆ మెడను అట్ల ముట్టొద్దు. ఎవరూ నన్ను అడగలేదు" అంది. ఆపరేషన్ సంగతి అడిగితే తల అడ్డంగా ఊపింది. పోవాల్సింది పోయిందట, ఇప్పుడు చేసి లాభం లేదట. రెండు వారాల్లోపు అని ఆవిడ ఎందుకు చెప్పిందో అప్పుడు అర్థమైంది. ఆషాఢం అన్నది నేనే కదా.

వరండాలోకి వచ్చి నరేన్‌కి అంతా చెప్పాను. మీ బావ నా చెయ్యి పట్టుకుని లాగాడు, "ఇప్పుడొద్దు, ఊకో" అని. దుర్గేష్‌కి పిల్లలున్నారు, ఎట్లా ఊరుకోను? నరేన్ అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఆపరేషన్ ఆపింది నువ్వు. షాపుకు తోలింది నువ్వు. మా నాన్న నువ్వు ఏది జెప్తే అది రాసుకొని జేసిండు. ఇగ మా ఇంటికి రాకు అత్తమ్మా" అన్నాడు. వాడి తప్పు లేదు.

ఇంటికొస్తే నీ ఉత్తరం తలుపు కింద ఉంది. దాచుకో అన్నావు. నొక్కితే మగతలోకి పోతాడని నీ చేత్తో, నీ ముత్యాల అక్షరాలతో సాపుగా రాసి, అదే పూట పోయి అక్కడ కూర్చున్నావు! రాస్తున్నప్పుడు ఒక్క క్షణం ఆగలేదా అన్నా? ఒక్కసారి చెయ్యి ఆపి, నేనేం రాస్తున్నాను అనుకోలేదా? నీ మీద కోపంతో ఆ కాగితం నేలకు కొట్టాను. తర్వాత తీసి దాచాను. కోపం ఎవరి మీద పడాలో తెలిసీ నీ మీద పడ్డాను, క్షమించు.

నీ చెల్లెలు,
సూర్యకళ

---

ఉప్పల్,
19 నవంబరు 2025

అన్నా,

ఇది ఎన్నో ఉత్తరమో లెక్క పెట్టుకోలేదు. సిరి మాత్రం అన్నీ నీ దిండు పక్కన పెడుతున్నానని నరేన్ ఇంట్లో లేనప్పుడు ఫోన్ చేసి చెబుతుంది. పోయినసారిది నీ ఎడమ చేతిలో పెడితే తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశావట. తిప్పి ఇస్తే మళ్ళీ తలకిందులుగా పట్టుకున్నావట. చదివి వినిపించనా అంది. వద్దన్నాను. మాట అయినా కాగితమైనా నీకు ఒకటేనట ఇప్పుడు. తగ్గుతుందా అని ఇక డాక్టరమ్మను ఎవరూ అడగడం లేదు.

దుర్గేష్ షాపు అద్దాలు నరేనే పెట్టించాడు. ఆదివారం ఆదివారం దుర్గేష్ మేడెక్కి వచ్చి నీకు గడ్డం గీసి పోతున్నాడు. నీ కబురు మీ బావ ఫోన్‌కు చెబుతాడు. మొన్న ఒకటి చెప్పాడు. "దవడల కాడ ఏమనడమ్మా. మెడ కాడికి కత్తి పోతే చాలు, ఎడమ చెయ్యి అడ్డం బెడ్తడు." వినగానే ఫోన్ మీ బావకు ఇచ్చేసి లోపలికి పోయాను. అన్నీ మరిచిపోయిన నీకు అదొక్కటి గుర్తుంది.

మీ బావ రెండుసార్లు నాచారం వచ్చాడు, నీకు తెలియదు. నరేన్ తలుపు తీసి, "మామా, నీ మీద కోపం లేదు, రా" అన్నాడట. ఈయన లోపలికి రాలేదు. "నా ఇంటామెను రానియ్యని ఇంటికి నేనెట్ల వస్తరా" అని గడప అవతలే నిలబడి, అక్కడి నుంచి కనిపించినంత నిన్ను చూసి వచ్చాడు. ఆ గదిలో నీ కాళ్ళు మాత్రమే కనిపించాయట. ఇంటికొచ్చి "కాళ్ళు సన్నబడ్డయే" అన్నాడు. మనుషులకు సిగ్గు లేదన్నా, ఇంత జరిగినా ఇంకా గడపలే లెక్క పెడుతున్నారు. నేను వేరేమీ కాదు. పోయి నరేన్ కాళ్ళ మీద పడాలని రోజూ అనుకుంటాను. వాడు మళ్ళీ పొమ్మంటే నువ్వు చూస్తావని ఆగిపోతాను.

నీ చిన్న పుస్తకం నరేన్ అడగలేదు, నా దగ్గరే ఉంది. నలభై ఏళ్ళ కిందట వదిలేసిన విద్య, కూడబలుక్కుని చదివాను. అంతా డాక్టరమ్మ చెప్పిందే. నువ్వన్నట్టే, ఒక్క మాట పోలేదు.

భరిణె దేవుడి దగ్గర పెట్టాను. నేను ముట్టుకోలేదు. నిన్న పొద్దున స్నానం చేసి వచ్చి మీ బావే తెరిచాడు. అద్దం ముందు నిలబడి వేలితో తీసి తన నుదుట పెట్టుకున్నాడు. తర్వాత నన్ను పిలిచి నాకు పెట్టాడు. "మీ అన్న పిలిచిండు, మనం పిలిపించుకున్నం. గా సంగతి రాయి" అన్నాడు. రాస్తున్నాను.

ఈ కవరు మీద చిరునామా ఆయనదే. ఇన్నేళ్ళలో నీ పేరు ఆయన చేత్తో రాయడం ఇదే మొదలు. పోస్టు డబ్బాలో వేయడం కూడా తనే వేస్తానన్నాడు. చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు, నేను ముగిస్తే తీసుకుపోదామని.

నీ చెల్లెలు,
సూర్యకళ